దొరకకుండ దేవులాడు

మా గైడ్ సార్‌కి ఒక్కటే పిచ్చి. తన కింద మెడికల్ పీజీ చేసేవాళ్ళ థీసిస్ ఏదైనా సరే, మొదటి పేజీలో "ప్రపంచంలో ఇదే మొదటి అధ్యయనం" అని ఉండాలి. నాంపల్లిలో మా కాలేజీ బీరువా నిండా అలాంటి ప్రపంచ ప్రథమాలే. ప్రపంచానికే ఆ సంగతి తెలియదు, పాపం.

నా థీసిస్ బేగం బజార్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీల దగ్గు మీద. మా నాన్న అక్కడే ఒక దుకాణంలో గుమాస్తా. ఆ దగ్గు వింటూ పెరిగినదాన్ని కాబట్టి టాపిక్ పట్టుబట్టి తీసుకున్నాను. గడువుకి ఆఖరి రోజు, సాయంత్రంలోగా థీసిస్ ప్రతిపాదన మీద సార్ సంతకం చేయించుకుని యూనివర్సిటీ సైట్‌లో ఎక్కించాలి. లేకపోతే ఆరు నెలలు గోవిందా.

సార్ వైద్య పరిశోధనల డేటాబేస్ తెరిచి, "బేగం బజార్ మిర్చి హమాలీ" అని కొట్టారు. సున్నా. "సూసినవా, ఎవ్వడు చెయ్యలే! మనమే ఫస్ట్" అని మురిసిపోయారు. మరి దొరుకుతాయా? అక్కడ ప్రతి పరిశోధన పత్రానికీ అధికారికంగా కొన్ని విషయ శీర్షికలు తగిలిస్తారు. ఒకరు ఘాటు అనీ, ఇంకొకరు కారం దుమ్ము అనీ రాసుకున్నా అన్నీ ఒకే శీర్షిక కిందికి చేరతాయి. అందుకే వెతికేవాళ్ళు ముందు ఆ శీర్షిక పట్టుకోవాలి. నేను పట్టుకున్నాను: క్యాప్సికం (డేటాబేస్ భాషలో మిర్చి), దుమ్ము, దగ్గు, వృత్తి వ్యాధులు. పేజీలకు పేజీలు వచ్చిపడ్డాయి. సంబరంగా తీసుకెళ్ళి సార్‌కి చూపించాను.

"ఏందమ్మా ఇది? నిన్నెవరు దేవులాడమన్నరు?"

"ఇంతకుముందు ఎవరేం చేశారో రాయాలి కదా సార్."

"రాయి, వద్దన్ననా? జర దొరకకుండ దేవులాడు."

ఒళ్ళు మండిపోయింది. ఆ హమాలీలకు పనికొచ్చే, ఇప్పటికే తెలిసిన సంగతులను దాచి, ఈయన గొప్ప కోసం నేను మళ్ళీ కనిపెట్టాలట! కానీ జుట్టు ఆయన చేతిలో ఉందాయె. గొంతు తగ్గించి, "ప్రపంచంలో మొదటిది అంటే అబద్ధమవుతుంది సార్" అన్నాను.

"గట్లయితే ఇండియాల ఫస్ట్ అని పెట్టు."

"ఇండియావీ ఉన్నాయి సార్."

"తెలంగాణల?"

"చూడలేదు సార్. ఉండండి, ఇప్పుడే చూసి..."

"వద్దొద్దు, సూడకు!" అని లేచి నిలబడ్డారు.

సుల్తాన్ బజార్‌లో చున్నీ బేరమాడినట్టు ఒక్కో మెట్టే దిగి, చివరికి "మన డిపార్ట్‌మెంట్ల ఫస్ట్. ఇగ కిందికి దిగ. మొదటిసారి అన్న మాట లేకుంటే సంతకం లేదు" అని పెన్ను జేబులో పెట్టేసుకున్నారు.

సరే, మొదటిసారి కావాలి, అంతేగా? అక్కడే కూర్చుని టైపు చేశాను: "ఈ విభాగంలో అధికారిక శీర్షికలతో పాత పరిశోధనలను వెతకడం ఇదే మొదటిసారి." సార్ కళ్ళజోడు సర్దుకుని "మొదటిసారి" అన్న మాట ఒక్కటే వెతికి పట్టుకున్నారు. "గిట్లుండాలె!" అని సంతకం గీకేశారు. నేను పరుగున ఆబిడ్స్‌లో జిరాక్స్ షాపుకి పోయి, స్కాన్ చేయించి, సైట్‌లో ఎక్కించాను. బయటికొచ్చి రోడ్డు మీదే ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

అదే మొదటి పేజీతో థీసిస్ పాసయింది. ఎగ్జామినర్లు ఆ వాక్యం గురించి ఒక్క ముక్క అడగలేదు. చదివితే కదా అడగడానికి!

మొన్న డిపార్ట్‌మెంట్‌కి వెళితే, సార్ నా మొదటి పేజీని జూనియర్లకు నమూనాగా ఇస్తున్నారని తెలిసింది. ఈ ఏడాది థీసిస్‌లన్నీ తిరగేశాను. అధికారిక శీర్షికలతో వెతకడం ఈ విభాగంలో ఇదే మొదటిసారి అని ప్రతి ఒక్కరూ రాశారు. వెతికినవాళ్ళు ఒక్కరూ లేరు.