గడ్డి బండి బెల్టు ఎందుకు జారింది

మా ఆయనకి రాని పని లేదు. పూర్తయిన పనిని మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో కడియం పక్కన మాకు చిన్న నర్సరీ ఉండేది. కొంత పూల మొక్కలు, మిగతా ఎకరం లాన్ గడ్డి. గడ్డిని సమంగా కోసి, మట్టితో సహా లేపి, చాపల్లా చుట్టి లారీ ఎక్కించేవాళ్లం. ఎక్కడో ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్ వాళ్లు పాత సామాను అమ్మేస్తున్నారని ఈయన వెళ్లి, గడ్డి కోసే బుల్లి ట్రాక్టరొకటి తెచ్చారు. పైన సీటు, కింద పొట్టలో బ్లేళ్లు. ఇంజను తిరిగితే ఒక రబ్బరు బెల్టు పుల్లీల మీదుగా వెళ్లి ఆ బ్లేళ్లని తిప్పాలి. "ఫారిన్ సరుకే!" అని మురిసిపోయారు. అంత గొప్ప సరుకుని వాళ్లెందుకు వదిలించుకున్నారో మాత్రం అడగలేదు.

దాన్ని నడిపేది మా మావయ్యగారు. డెబ్బై దాటాయి, మోకాళ్లు అరిగిపోయాయి. జీవితమంతా పొలంలో తిరిగిన మనిషి, ఏడాదిగా అరుగు మీద కుర్చీకి అతుక్కుపోయారు. ఈ బండి వచ్చాక సీటు ఎక్కితే చాలు, ఎకరమంతా ఆయనదే. తలకి తువ్వాలు చుట్టుకుని ఠీవిగా వెళ్తుంటే నాకు నిజంగానే ముచ్చటేసేది.

ఆ ముచ్చట నెల తిరక్కుండానే తీరింది. బెల్టు జారడం మొదలుపెట్టింది. బ్లేళ్లు ఆగిపోయేవి, బండి మాత్రం గడ్డి తల నిమురుకుంటూ పోయేది.

మా ఆయన వైద్యం మొదలుపెట్టారు. బెల్టు సాగిపోయిందని తేల్చి, పిండిమర సామాను కొట్లో ఇంకోటి కొన్నారు. "బెల్టంటే బెల్టే కదే" అన్నారు. అది సన్నం. పుల్లీ గాడిలో అడుగుకి దిగబడి కూర్చుంది. తరవాత రైస్‌మిల్లు స్నేహితుడెవరో చెప్పాడని పట్టు కోసమని పాత బెల్టుకి గుగ్గిలం పొడి చల్లారు. బండి పెట్టే కొట్టమంతా గుడి వాసన వచ్చింది గానీ గడ్డి తెగలేదు.

ఆఖరికి రాజమండ్రి నుంచి మెకానిక్ వచ్చాడు. పుల్లీల మధ్య దారం లాగి పట్టుకుని, "రెండూ ఒక వరసలో లేవండి. ఆయ్, సరిచేసేస్తానండి" అన్నాడు. సరిచేశాడు. శుక్రవారం దాకా బండి భేషుగ్గా నడిచింది. శనివారం మళ్లీ జారింది. ఆ తరవాత ఎవరేం చేసినా శనివారానికి జారడమే.

"దీనికి శని పట్టిందే" అన్నారు మా ఆయన.

"శని ఎందుకండీ, మీరుండగా!" అన్నాను. మూడు నెలలపాటు ఆయన్ని అలాగే వాయించాను.

ఒక గురువారం భోజనాల దగ్గర ఆయన తేల్చేశారు. "పాత ఇనుము వాడికి చెప్పాను. సోమవారం వచ్చి తీసుకుపోతాడు."

మావయ్యగారు పెరుగు వేసుకోకుండానే చెయ్యి కడిగేసుకున్నారు. "అమ్మేయరా. నాకు కుర్చీ అలవాటే కదా" అన్నారు.

మర్నాడు శుక్రవారం. ప్రతి శుక్రవారం మోకాళ్లకని మావయ్యగారు అడిగితే గిన్నెడు నువ్వుల నూనె వెచ్చచేసి ఇచ్చేదాన్ని. ఆ రోజూ ఇచ్చాను. కాసేపటికి మజ్జిగ పట్టుకుని కొట్టంలోకి వెళ్తే ఏముంది! ఆయన నేల మీద కాళ్లు చాపుకుని, పాత గుడ్డ నా నూనెలో ముంచి, బండి బెల్టుకి పట్టిస్తున్నారు.

"అయ్యయ్యో మావయ్యగారూ! నూనె రాస్తే బెల్టు జారిపోదూ?"

"కీచుమంటోందమ్మా. బండి ఇరుసుకి కందెన పెట్టమూ? నలభై ఏళ్లు ఎడ్లబండి తోలాను, నాకు తెలీదా?"

"మరి మోకాళ్లకో?"

"వాటికి రాస్తే గుమ్మం దాకా వెళ్తానమ్మా. దీనికి రాస్తే చేనంతా తిరుగుతాను."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగకి వారం వారం నూనె వెచ్చచేసి మరీ అందించింది నేనే. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

మెకానిక్‌ని మళ్లీ పిలిపించి జరిగింది చెప్పాను. బెల్టుని బిగువుగా నొక్కిపట్టే చిన్న పుల్లీని వేలితో తిప్పాడు. అదే కీచుమన్నది! "దీని బేరింగు ఎండిపోయిందండి. అరుపు దీనిది, నూనె బెల్టుకి" అని నవ్వాడు. బేరింగు మార్చి, పుల్లీలన్నీ తుడిచి, సరైన కొలత బెల్టు వేశాడు. సోమవారం పాత ఇనుము వాడు వచ్చేసరికి మావయ్యగారు సీటు మీదున్నారు. వాడు గట్టు మీద కాసేపు నిలబడి, ఖాళీ రిక్షా తొక్కుకుంటూ పోయాడు.

శుక్రవారం నూనె వెచ్చచేశాను. గిన్నె మా ఆయన చేతికిచ్చి, వాళ్ల నాన్నగారి కాళ్ల దగ్గర కూర్చోమన్నాను.

"నేనా?"

"మీకు రాని పని లేదు కదండీ!"

పంచె పైకి జరిపితే రెండు మోకాళ్లూ ఉబ్బిపోయి ఉన్నాయి. మా ఆయన నూనె పట్టించడం మొదలుపెట్టారు. మావయ్యగారి చూపు మాత్రం కొట్టం వైపే ఉంది.

"కొంచెం మిగల్చరా" అన్నారు మెల్లగా.

చుక్క మిగలకుండా రాయించాను.