జానెడు చారకు అడ్డంగా గాడి

క్యాంపులో అందరూ ఆయన్ని సుత్తి బాబాయ్ అనేవాళ్ళు. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుంది కాబట్టి అలా అంటున్నారని ఆయన నమ్మకం. నమ్మనివ్వండి, మన సొమ్మేం పోయింది!

ఆయన పని చెప్పుకోవడానికి చిన్నది, చేయడానికి నడుము విరిగేది. కొండరాతిలో బంగారం ఉందేమోనన్న అనుమానం వచ్చినచోట ఉలీ సుత్తీ పట్టుకుని అడ్డంగా గాడి కోయాలి. రాలిన ముక్కా పొడీ అంతా సంచిలో వేసి, మూతి కట్టి, నంబరు రాసి పరీక్షకు పంపాలి. ఈసారి దొరికింది జానెడు వెడల్పున్న పలుగురాతి చార. ముదురాకుపచ్చ రాతిని చీల్చుకుని రెండొందల అడుగులు పోయి, సన్నబడి మాయమైంది. మధ్యలో తెల్లగా మెరిసే గట్టిరాయి, రెండంచులా చేత్తో నలిపినా రాలిపోయే తుప్పురంగు పొర. కొత్తవాళ్ళు తెల్లటి మెరుపు చూసి నోరెళ్ళబెడతారు. కానీ బంగారం, వెండి ఉంటే గింటే ఆ తుప్పులోనే, అదీ కంటికి ఆననంత సన్నగా.

తిరకాసంతా ఇక్కడే. అంచు ఉలి తగిలితే చాలు రాలుతుంది. మధ్యరాయి చచ్చినా కదలదు. మనిషి చేయి ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? అందుకే ఈ అంచు నుంచి ఆ అంచుదాకా గాడి ఒకే లోతు, ఒకే వెడల్పు ఉండాలి. ముప్పై ఏళ్ళలో బాబాయ్ గాడికి వంక పెట్టినవాడు లేడు. ఆ సంగతి ఆయన రోజుకు నాలుగుసార్లు చెప్పేవాడు, వినేవాళ్ళుంటే ఐదోసారీ చెప్పేవాడు.

ఫలితాలు వచ్చిన రోజు జియాలజిస్టు మేడం, ఆయన కూతురి వయసు పిల్ల, కాగితం ఊపుకుంటూ షెడ్డులోకి పరిగెత్తుకొచ్చింది.

"బాబాయ్! మీ ఏడో నంబరు సంచిలో టన్నుకి ఇరవై గ్రాముల బంగారం! వెండి వంద దాటింది! డ్రిల్లింగుకి కంపెనీ సరేనంటోంది. ఇంకో మూడేళ్ళు మనం ఇక్కడే."

ఇంటికెళ్ళి ఆ మాట చెబితే భార్య స్టవ్ కట్టేసి మరీ విన్నది. ఆయన వెంట కొండలు తిరుగుతూ ఆమె పద్నాలుగు ఇళ్ళు మారింది. ఈ ఇల్లంటే ఆమెకు ప్రాణం. రెండు గదులే గానీ, వంటింట్లోకి పొద్దున్నే ఎండ వస్తుంది, పక్కింట్లో మనసు విప్పి మాట్లాడుకునే మనిషి ఉంది. సాయంత్రానికల్లా మూడు పూలకుండీలు కొనుక్కొచ్చి కిటికీలో పెట్టింది.

వాటిని చూశాక బాబాయ్ గుండెల్లో రాయి పడింది. ఏడో నంబరు కోసిన రోజు మణికట్టు బెణికి ఉంది, పైగా వాన ముంచుకొస్తోంది. అంచుల్లో తుప్పు దండిగా గీకేసి, మధ్యరాయికి మొక్కుబడిగా రెండు దెబ్బలు వేసి సంచి కట్టేశాడు. మర్నాడు సరిచేద్దామనుకుంటే వేరే వాలుకు పంపారు. ఆ తర్వాత మర్చిపోయాడు. ఆ ఇరవై గ్రాములు చారవి కావు, అంచువి.

రెండ్రోజులు నోరు విప్పలేదు. ఆయన మాట్లాడకపోయేసరికి షెడ్డులోవాళ్ళు జ్వరమేమోనని కంగారుపడ్డారు. మూడోరోజు మేడం బల్ల ముందు నిలబడి ఉన్నదున్నట్టు కక్కేశాడు.

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా బాబాయ్," అందామె నీరసంగా.

"నాకు తెలుసు కదమ్మా. ఇంకెవరినైనా పంపి మళ్ళీ కోయించండి."

ఆమె కాగితం మడిచి సొరుగులో పెట్టింది. "ఇంకెవరో ఎందుకు? మీరే కోయండి."

పూటలో అయ్యే పనికి ఆయన రెండు రోజులు తీసుకున్నాడు. ఫలితం వచ్చింది: బంగారం మూడు గ్రాములు, వెండి పదిహేను. చార చిన్నది, ఇక చేయాల్సిన పనేమీ లేదని రిపోర్టు వెళ్ళింది. నెలాఖరుకు క్యాంపు ఎత్తేస్తారు.

బాబాయ్ ఇంటికెళ్ళి మొత్తం చెప్పాడు, ఈసారి ఒక్క మాటైనా సాగదీయకుండా. భార్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"రెండోసారి కోసింది ఎవరు?"

"నేనే."

"నువ్వేనా? చేతులారా?"

"నేనే."

"అయితే చార చిన్నదే," అందామె. "నిలబడి చూస్తావేం, అటక మీద పెట్టెలు దించు."