లీటరుకు పద్నాలుగు

పులివెందులలో బస్సు తప్పిపోయి నిలబడి ఉంటే, చీనీకాయల లోడుతో ప్రొద్దుటూరు పోతున్న పికప్ బండి ఆగితే ఎక్కాను. డ్రైవరుకు యాభై ఏళ్లుంటాయి. రోడ్డు ఖాళీగా ఉన్నా బండి వేగం నలభై దాటలేదు. ఆటోలు కూడా మమ్మల్ని దాటిపోయాయి.

"ఇంజన్‌లో బలం లేదా అన్నా?" అని అడిగాను.

"బలానికేమప్పా, శానా ఉంది. ఎంత లోడున్నా మిట్టలు గుంజుతాదని పెద్ద ఇంజనే తీసుకుంటి. కానీ తొక్కితే డీజిలు తాగుతాది, లీటరుకు పది కిలోమీటర్లు కూడా ఇయ్యదు. ఇట్లా మెల్లగా పోతే పద్నాలుగు ఇస్తాంది."

"మొదట్నుంచీ ఇట్లాగే పోతావా?"



"లేదప్పా. అప్పుడు మా ఇంటామె ఉండె. యాడుండావు అని ఫోన్ చేస్తాండె. తినకుండా కూచుంటాదని తొక్కుకుంటా పోతాంటి. పోయినేడు జ్వరమొచ్చి సచ్చిపాయ. ఇప్పుడు తొందరేముంది?"

ప్రొద్దుటూరులో దిగి డబ్బులివ్వబోతే వద్దన్నాడు. "ఇల్లు చేరినాక ఒక ఫోన్ కొట్టప్పా" అని నెంబరు చెప్పాడు. పేరు అడగడం మరిచిపోయి, 'పికప్ అన్న' అని రాసుకున్నాను.

జమ్మలమడుగులో ఇల్లు చేరి ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తాడు.

"చేరినావా?" అన్నాడు.

ఇప్పుడు ఎక్కడికి పోయినా, చేరాక ఆయనకొకసారి చేస్తాను.