గాలి పరుపుకు చెవి అడిగిన సంగతి

తెలంగాణ కొత్తగా వచ్చిన ఆ ఏళ్లలో నాకు ఒంట్లో బలం ఎక్కువ, నోట్లో అంతకంటే ఎక్కువ. చదువు మాత్రం సంతకం దగ్గరే ఆగింది. లోకమంతా మా మంద లాగే నడుస్తుందనుకునేదాన్ని. మా ఆయనా నేనూ ఊరివాళ్ల గొర్రెలు, మేకలు మేపేవాళ్లం. మేతకు పోయిన చోట ఒక జీవం చస్తే దాని చెవి కోసి తెచ్చి యజమానికి చూపాలి. చూపలేదంటే అమ్ముకు తిన్నామనే లెక్క (మా మాట మీద అంత నమ్మకం మరి).

ఒకనాడు మేకలకు కొమ్మలు నరకబోయి మా ఆయన చెట్టు మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్పించాను. ఇంటికి పంపే రోజు కౌంటరు సారు బిల్లు చదివాడు. ముందు చెప్పినదానికంటే చాలా ఎక్కువ. గ్లూకోజు సీసాలట, గాలి పరుపట. అంతా కట్టాలంటే మాకు సొంతంగా ఉన్న ఒక్కగానొక్క గొర్రెను, అదీ చూడిదాన్ని, అమ్ముకోవాలి. నా నోరు లేచింది.

"సారూ, చెవులు చూపియ్యి."

"ఎవరి చెవులమ్మా?"

"వాడినమంటున్నవు గద, వాటియి. ఉత్త సీసాలు నా దగ్గరున్నయి, లెక్కవెట్టు."

నిజంగానే ఉన్నాయి. చేరిన నాటి నుంచి బుట్టలో పడేసిన ప్రతి సీసానూ ఏరి యూరియా సంచిలో దాచాను. అన్నీ బల్ల మీద కుమ్మరించాను. సారు ఓపికగా లెక్కపెట్టి నావైపు జాలిగా చూశాడు.

"అమ్మా, నేను రాసినయే తక్కువ. గీ లెక్కన నువ్వే ఇంకా కట్టాలె."

చక్రాల కుర్చీలో ఉన్న మా ఆయన తల పట్టుకున్నాడు. "ఏమే, పక్క మంచపాయన సీసాలు గూడ ఏరుకొచ్చినవా? మంది జీవాలను మన మందల కలుపుకున్నట్టే ఉన్నది." వెనక నిలబడ్డవాళ్లంతా నవ్వారు (రెండు మంచాలకూ బుట్ట ఒకటే, నాకేం తెలుసు).

సిగ్గుతో చచ్చాను గానీ గొర్రె కళ్ల ముందు మెదిలింది. "సరే సారూ, సీసాల కాడ నేనే ఓడిన. మరి గా గాలి పరుపు చెవి ఏది? మా ఆయన నేను తెచ్చిన బొంత మీదనే పండిండు."

సారు నర్సమ్మను పిలిచి అడిగాడు. ఆమె లోపలికి వెళ్లి చూసి వచ్చింది. "గా పరుపు పక్క మంచపాయనది సార్. ఇప్పుడు గూడ దాని మీదనే పండిండు."

"సూడుండ్రి," అన్నాడు మా ఆయన, "మీరు గూడ మంద కలిపిండ్రు."

సారు నవ్వు ఆపుకోలేక పరుపు ఖర్చు కొట్టేశాడు. మిగతాదానికి తెచ్చుకున్న డబ్బులే సరిపోయాయి. గొర్రె మా ఇంట్లోనే ఈనింది.

ఆ తర్వాత మా ఆయన ఈ కథ ఎక్కడ పడితే అక్కడ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ సీసాలు పెరిగేవి. "గన్ని ఎక్కడియయ్యా?" అని నేను కసురుకునేదాన్ని. ఇప్పుడు ఆయన లేడు, చెప్పే వంతు నాకొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెబుదామనే మొదలుపెడతాను. ఎవరో ఒకరు, "సంచి నిండిందా అత్తా?" అంటారు. ఆయన అన్నట్టే నేనూ అంటాను, "సంచేంది బిడ్డా, బండి నిండింది."