తక్కెడ మాస్టారి మాట తూకం

తక్కెడ మాస్టారు మాటను తూచనిదే టైపు కొట్టరు. అదొక్కటే ఆయన జబ్బు. మిగతా ఒళ్ళంతా, మోకాళ్ళు తప్పించి, భేషుగ్గా ఉంటుంది.

ఫిర్యాదుల ఆఫీసు మెట్ల కింద ఒక గది. అందులో సగం మాస్టారి టైపు మిషనుది, సగం టైలరమ్మ కుట్టుమిషనుది. పై ఆఫీసువాళ్ళకు అర్జీ ఇంగ్లీషులో ఉంటేనే అక్షరాలు కనిపిస్తాయి. అందుకని ఎవరికి ఎవరిమీద కడుపు మండినా ముందు ఆ గదికే వచ్చి పడతారు. వచ్చిన మనిషి కుర్చీలో సర్దుకునేలోపే మాస్టారు కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టి, ఒకరినొకరు విసిగించడానికి ఇంగ్లీషులో ఉన్న ఐదు మాటల్నీ, చిన్నదాన్నుంచి పెద్దదాకా, బస్సు కండక్టరు స్టాపులు చదివినట్టు చదివేస్తారు.

"బాదరా, డిస్టర్బా, అనాయా, పెస్టరా, హరాసా?"

ఒకాయన వచ్చాడు. "మా పక్కింటి కుక్క నన్ను హరాస్ చేస్తోందండీ."

"కుక్కకి మీమీద పగ ఉందా?"

"పగేంటండీ, మొరుగుతుంది."

"మిమ్మల్ని చూసేనా, అందర్నీ చూసా?"

"అందర్నీ చూసే."

"అయితే మీమీద దానికి ప్రత్యేకమైన శ్రద్ధేం లేదు. డిస్టర్బ్ అని కొడతాను. నిద్ర చెడగొట్టడానికి పగ అక్కర్లేదు, గొంతు చాలు."

"కాస్త పెద్ద మాట పడేద్దురూ!"

"కొసరు వెయ్యడానికి ఇవేమన్నా వంకాయలా?"

ఆయన ఆలోచించుకుని వస్తానని వెళ్ళాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నట్టున్నాడు, మళ్ళీ రాలేదు.

ఇంకొకాయన పాలసీ కట్టమని రోజూ గుమ్మంలోకొచ్చే ఏజెంటుమీద ఫిర్యాదు తెచ్చాడు. మాస్టారి మొహం వెలిగిపోయింది. "ఇదీ పెస్టరంటే! ఏదో కావాలని ఈగలా వాలుతుంటాడు. తోలితే లేచి మళ్ళీ వాలతాడు." ఆ అర్జీని పాట పాడుకుంటూ కొట్టారు.

మూడో ఆయన చెంప పట్టుకుని వచ్చాడు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమని భార్య ఆరు నెలలుగా పెస్టర్ చేస్తోందట.

"పన్ను నొప్పి ఎవరికి?"

"నాకే."

"నీ పన్ను బాగుపడితే ఆవిడకేం ఒరుగుతుంది? పెస్టర్ కాదు నాయనా, దీన్ని న్యాగ్ అంటారు. తెలుగులో నస. ఇంట్లోవాళ్ళు తప్ప పైవాళ్ళెవరూ మనకోసం అంత ఓపిక చేసుకోరు. దీనికి అర్జీ లేదు. డాక్టరు పక్క సందులో ఉన్నాడు, వెళ్ళు."

టైలరమ్మ నెత్తి కొట్టుకునేది. "బాబాయ్ గారూ, వచ్చినవాళ్ళని వచ్చినట్టే సాగనంపుతున్నారు. అడిగిన మాట కొట్టి ఇస్తే మీ సొమ్మేం పోయింది?"

"సాయంత్రానికల్లా చల్లారే కోపాన్ని కాగితమ్మీద పెడితే అది చల్లారదే అమ్మాయ్," అనేవారు ఆయన, పుస్తకం తిరగేస్తూ. అట్ట ఊడి, పురికొసతో కట్టిన ఆ నిఘంటువుకు దేవుడి తర్వాత దేవుడంత మర్యాద.

ఇతరుల విషయంలో టైలరమ్మకు ఇదంతా వినోదమే. తన వంతు వచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండింది.

ఆమెకొక తమ్ముడు. వాళ్ళ ఇంట్లోనే వెనక వాటాలో రొట్టెల బట్టీ పెట్టాడు. తెల్లవారుజామున నాలుగింటికి పిండి కలిపే మిషను వేస్తాడు. గోడకు ఇవతల ఆమె మంచం. రెండు నెలల కిందట అక్క వెళ్ళి నాలుగు మాటలంది, తమ్ముడు ఐదన్నాడు, ఆనాటి నుంచి మాటల్లేవు. పైగా ఈ మధ్య ఎవరో ఆమె ఇంటి వసారాలోని గుడ్డముక్కల సంచీలోంచి ముక్కలు కాజేస్తున్నారు. అన్నీ కలిసి ఒకరోజు ఆమె కుర్చీ మాస్టారివైపు తిప్పుకుంది.

"కొట్టండి బాబాయ్ గారూ. నా తమ్ముడు నన్ను హరాస్ చేస్తున్నాడు. నెలాఖరుకి వాడి బట్టీ లైసెన్సు మళ్ళీ రాయించుకోవాలి. ఇప్పుడీ కాగితం పైన పడిందంటే మిషను మూతే!"

అన్నాక తనకే కొంచెం గతుక్కుమంది. కానీ నిద్రలేని కళ్ళు వెనక్కి తగ్గనివ్వలేదు.

"నీకు నిద్ర పట్టట్లేదని వాడికి తెలుసా?"

"తెలీకేం! గోడలదిరేలా చెప్పాను."

"చెప్పాక ఏం చేశాడు?"

"మాట్లాడ్డం మానేశాడు."

"మిషన్ని ఏం చేశాడని అడుగుతున్నా."

"నాకేం తెలుసు? వాడి గడప తొక్కితే ఒట్టు."

"అయితే తూకం తేలదు. తెలిసీ పంతానికి చేస్తే ఒక మాట. మానలేక, తగ్గించబోయి చేస్తే ఇంకో మాట. చూసిరా."

మూడు రోజులు ఇదే రామాయణం. దారం ఎక్కిస్తుంటే 'చూశావా', బొత్తాం కుడుతుంటే 'వెళ్ళావా'. మూడోనాడు ఆమె కత్తెర బల్లమీద విసిరింది. "నన్ను హరాస్ చేస్తోంది వాడు కాదు, మీరు!"

మాస్టారు నొచ్చుకోలేదు. ఆలోచనలో పడ్డారు. "నేనా? ఉండు, పుస్తకం చూసి చెప్తాను."

మర్నాడు ఒక అమ్మాయి వచ్చింది. ప్యాకింగు కంపెనీలో పనిచేస్తుందట. సంచీని గుండెలకు అదుముకుని గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మంటే వచ్చి, "మా సూపర్‌వైజరు..." అని ఆగిపోయింది.

టైలరమ్మ పెడల్ ఆపి చెవులు రిక్కించింది, ఇప్పుడు ఐదు స్టాపులూ వస్తాయని. రాలేదు. మాస్టారు కళ్ళజోడు నుదుటిమీదినుంచి ముక్కుమీదికి దించుకున్నారు. తన సీసాలోని నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చారు. "తీరిగ్గా చెప్పు తల్లీ. ఏ తేదీనుంచి?" అన్నారు. "ఎవరైనా చూశారా?" అన్నారు. అంతే. మూడు కాపీలు టకటకా కొట్టారు. టైలరమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు. కానీ తను మూడు రోజులుగా కొట్టమని దేబిరిస్తే మాస్టారు పుస్తకంలో వేలుపెట్టి చూపించిన మాట కనుక, కాగితం మధ్యలో పెద్దక్షరాల్లో దాన్ని గుర్తుపట్టింది.

ఆ పైన మాస్టారు కుర్చీలోంచి లేచారు. ఏళ్ళ తరబడి ఎక్కని మెట్లు, గోడ పట్టుకుని, ఒక్కొక్కటే ఎక్కి వెళ్ళారు. ముద్ర వేయించుకుని దిగారు. "ఇదిగోమ్మా నంబరు. కాగితం కనబడలేదని ఎవరైనా అంటే మూడో కాపీ నా దగ్గరుంది. నేనొచ్చి చూపిస్తాను."

అమ్మాయి వెళ్ళాక టైలరమ్మ అడిగింది. "ఆ పిల్ల దగ్గర తూకం వెయ్యలేదేం?"

మాస్టారు మోకాళ్ళు రుద్దుకుంటూ అన్నారు. "ఆ మాట మోసుకునే వచ్చింది కదమ్మా. ఇంకా తూచేదేముంది? పైనున్నాయన ముందుకి రోజుకి ఇరవై అర్జీలు వెళ్తాయి. కుక్క హరాసు, కొళాయి హరాసు, పిండి మిషను హరాసు అని పంతొమ్మిది చదివాక, ఇరవయ్యోది ఈ పిల్లదైతే ఆవులించి పక్కన పడేస్తాడు. ఈ మెట్ల కింద కూచుని నేను చేసే కాపలా అంతా ఆ ఒక్క మాటకే."

టైలరమ్మ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి, ఒట్టు గట్టున పెట్టి, తమ్ముడి గడప తొక్కింది.

మిషను నాలుగు కాళ్ళ కిందా నాలుగు మెత్తలు. స్కూలు పిల్లల యూనిఫారాల నీలం, పెళ్ళి జాకెట్ల మఖమల్, ఎవరిదో కోటు అస్తరు... అన్నీ తను కత్తిరించిన ముక్కలే. ఆమె మంచం వైపు గోడకు ఒక బొంత కూడా వేలాడుతోంది. కుట్టు చూస్తే జెర్రి పాకినట్టుంది.

పిండి బస్తాల మీద కునుకు తీస్తున్న తమ్ముడు ఉలిక్కిపడి లేచాడు. "అక్కా! ఇంకో రెండు మెత్తలేస్తే ఇంకా తగ్గేది. గుడ్డ చాల్లేదు."

"దొంగవెధవా! అడిగితే ఇవ్వనట్రా?"

"అడగడానికి మనకి మాటల్లేవుగా!"

ఆమె నవ్వు ఆపుకోలేక కోపం తెచ్చుకుంది. "టైలరమ్మ తమ్ముడివై ఉండి ఇదేం కుట్టురా? ఎవరైనా చూస్తే నా దగ్గరికి బేరం వస్తుందా? తే, విప్పి మళ్ళీ కుడతాను."

మర్నాడు ఆమె మెత్తలు కుడుతూ చెప్పిందంతా విని మాస్టారు అడిగారు. "తూకం తేలింది. బాదర్. అన్నిట్లోకీ చిన్నది. కొట్టమంటావా?"

"ఆ కాగితం చింపెయ్యండి బాబాయ్ గారూ."

"మిషనెక్కిస్తే కదమ్మా చింపడానికి!"

ఆమె మెత్తతో కొట్టబోయి ఆగింది. "మరి నా రెండో ఫిర్యాదో? మూడు రోజులు నా ప్రాణం తోడేశారు. పుస్తకం చూసి చెప్తానన్నారు."

"చూశాను." మాస్టారి గొంతు గంభీరమైంది. "పెస్టర్ కాదు, నీ దగ్గర నాకేం అక్కర్లేదు. అనాయ్ కొంచెం ఉంది, ఒప్పుకుంటాను. అసలు మాట మాత్రం న్యాగ్."

పన్ను నొప్పాయన గుర్తొచ్చాడు ఆమెకు. "అది ఇంట్లోవాళ్ళు తప్ప పైవాళ్ళు చెయ్యరన్నారుగా?"

"అన్నాను," అంటూ ఆయన అవసరం లేకపోయినా టైపు మిషను దుమ్ము తుడవసాగారు.

ఇంతలో గుమ్మంలోకి ఒక మనిషి ఊడిపడ్డాడు. "అర్జీ కొట్టాలండీ! మా ఎదురింటి పిల్లి నన్ను హరాస్..."

మాస్టారు కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టుకునేలోపే, పెడల్ ఆపకుండా టైలరమ్మ అడిగేసింది.

"పిల్లికి మీమీద పగేమైనా ఉందా అన్నయ్యా?"