మూతపెట్టిన గిన్నెలు

మెట్టుగూడలో లక్కగాజులు చేసే ఖాసింబీ ఏనాడూ బోయిన్‌పల్లి దాటి ఎరగదు. తోటికోడలు జైతున్ బీ మాత్రం రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఒక దొర పిల్లలకు ఆయాగా వెళ్లి, చెకోస్లోవాకియాలో ఏడాది ఉండి వచ్చింది. అక్కడ కోడిగుడ్ల మీద మైనంతో పువ్వులు గీస్తారనీ, పిండిముద్దలో ఆలుబుఖారా పెట్టి ఉడికిస్తారనీ, ఏట్లో నీళ్లభూతం ఉంటుందనీ ఆమె చెబుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని వినేవారు. ఖాసింబీకి కడుపు మండేది. "మళ్ల షురూ జేసింది" అని మూతి తిప్పుకుని కుంపటి మీద లక్క కాచేది. చెవి మాత్రం అటే ఉండేది.

పోలీస్ యాక్షన్ రోజుల్లో తలుపులు బిగించుకుని ఇంటిల్లిపాదీ ఒకే గదిలో కూర్చున్నారు. వీధిలో మిలిటరీ లారీల చప్పుడుకు పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. జైతున్ చిన్నమ్మను నీళ్లభూతం కథ చెప్పమన్నారు. ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుని గోడకు ఒదిగింది.

"దానికేం ఎరుక? నేను చెప్తా," అంది ఖాసింబీ. "గా భూతం మునిగినోళ్ల పానాలను గిన్నెలల్ల పెట్టి మూతలేస్తది. ఎవలన్న జెర మూత తీస్తే చాలు, పానం బుడగ లెక్క పైకి పోతది. నా కండ్లతోని చూసిన."

"నువ్వెప్పుడు పోయినవమ్మా?" అన్నాడు కొడుకు.

ఖాసింబీ జైతున్ చెయ్యి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది.

"అప్పుడే. మీ చిన్నమ్మ సుత నా ఎంటనే ఉండె. భయపడితే గిట్లనే చెయ్యి పట్టుకున్న."