ఎర్ర కంటికి ఒకటే మందు

మా తమ్ముడి సెలూన్‌లో అద్దం కింద అరమీద నాలుగు దువ్వెనలు, ఒక పౌడరు డబ్బా, పటిక ముక్క, వాటి పక్కనే ఒక కంటి చుక్కల సీసా ఉండేవి. ఆ సీసా మూతి చుట్టూ పచ్చగా ఎండిపోయిన పుసి. ఎవరి కంటిదో చెప్పలేం. పదిమంది రెప్పలకు తగిలిన మూతి అది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

నేను కంటి ఆసుపత్రిలో నర్సుని. చీము పట్టిన కళ్ళు, అతుక్కుపోయిన రెప్పలు, కన్ను తుడిచి అదే చేత్తో ముక్కు కూడా తుడిచే చేతిరుమాళ్ళు ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. జబ్బు కళ్ళంటే నాకు అసహ్యం లేదు. మనుషుల చేతులంటేనే అసహ్యం. "ఛీ, ఆ టవలు తియ్యండి. ఛీ, కంట్లోంచి వేలు తియ్యండి" అని రోజుకు వందసార్లు అంటాను. అందుకే వెనకాల నన్ను ఛీఛీ సిస్టర్ అంటారు. అననీండి, నాకేం.

చెప్పొచ్చేది మా తమ్ముడి గురించి. వాడు చెడ్డవాడు కాదు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే నాలుగు తిట్టి వదిలేసేదాన్ని. పదిమంది చేత మంచివాడనిపించుకోవాలని వాడికి చిన్నప్పటినుంచీ ఒకటే యావ. బళ్ళో పెన్సిళ్ళన్నీ పంచేసి, ఉత్త చేతులతో ఇంటికొచ్చి అమ్మ చేత తన్నులు తినేవాడు. సెలూన్ పెట్టాక కత్తెర పని ఒక వంతు, ఊళ్ళో వాళ్ళ పనులు మూడు వంతులు. గడ్డం గీస్తూనే పెళ్ళి సంబంధాలు కలిపేవాడు, అద్దె ఇళ్ళు వెతికి పెట్టేవాడు, పంటినొప్పికి లవంగం ఇచ్చేవాడు.

రెండేళ్ళ కిందట వాడి ఎడమ కన్ను ఎర్రబడింది. వెలుతురు చూడలేడు, లోపల ఒకటే సలుపు. మా డాక్టరుగారు వాణ్ణి యంత్రం ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించమని, కంట్లోకి సన్నటి వెలుగు గీత వేసి చూశారు. "ఇది క్రిముల వల్ల వచ్చింది కాదు. కన్ను లోపలి వాపు" అని స్టెరాయిడ్ చుక్కలు రాశారు. మొదట గంటకోసారి, తర్వాత తగ్గించుకుంటూ రావాలి. వారం తిరక్కుండా కన్ను తేటపడింది.

చుక్కలు రాసిన రోజే డాక్టరుగారు వాడికి ఒక మాట చెప్పారు. "ఇది నీ జబ్బుకే. క్రిములో బూజో పట్టిన కంట్లో వేస్తే ముందు ఎరుపు పోతుంది, తర్వాత కన్ను పోతుంది." మావాడు ఆ మాటలో సగమే విన్నాడు. ఎరుపు పోతుంది, అంతే.

సెలూన్ కుర్చీ వెనక్కి వాలుతుంది, తల ఆనడానికి దిండు ఉంటుంది. చుక్కలు వెయ్యడానికి అంత వీలైన కుర్చీ మా ఆసుపత్రిలోనే లేదు. ఎవరి కన్ను కాస్త ఎర్రగా కనిపించినా, "వాలన్నా, ఒక్క చుక్క వేస్తా. మా అక్క పెద్దాసుపత్రి నుంచి తెచ్చిచ్చిన మందు. రేపటికి చూస్కో" అనేవాడట. సబ్బు నురగ అంటిన చేత్తోనే రెప్ప లాగి, చుక్క వేసి, మెడకు చుట్టిన తుండుగుడ్డతోనే తుడిచేవాడట. మర్నాటికి చాలామందికి తగ్గేది. తగ్గక ఏం చేస్తుంది? చాలావరకు వాటంతట అవే వచ్చి పోయే ఎరుపులు. పేరు మాత్రం వీడికి.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నేల మీద తడి జుట్టు చూస్తే నాకు వికారం, అందుకని ఈ గొడవంతా బయటపడేదాకా సెలూన్ గడప తొక్కలేదు. నాకు తెలిసిందల్లా వాడు ఫోన్ చేసి, "అక్కా, మళ్ళీ సలుపుతోందే. ఆ సీసా ఒకటి తెచ్చిపెట్టవా" అనడం. మందుల కౌంటర్లో పిల్లకు పాత చీటీ చూపించి "మా తమ్ముడికేలే" అంటే ఇచ్చేసేది. ఒక్కసారైనా వాణ్ణి మళ్ళీ డాక్టరుకు చూపించానా? లేదు. ఒక్క కంటికి ఇన్ని సీసాలేమిట్రా అని అడిగానా? అదీ లేదు. బస్సెక్కే తొందరలో వాడి చేతిలో పెట్టి పోయేదాన్ని.

సెలూన్ పక్కనే వడ్రంగి మేస్త్రి షెడ్డు. మా తమ్ముడికి ప్రాణ స్నేహితుడు. అతనికి ఎడమ కంటికి పుట్టుకతోనే చూపు దాదాపు లేదు, కొలతలు తీసినా రంపం పట్టినా అంతా కుడి కన్నుతోనే. ఒకరోజు చెక్క కోస్తుంటే పొట్టు ఎగిరి ఆ కుడి కంట్లోనే పడింది. మురికి వేళ్ళతో కసిదీరా నలిపాడు. సాయంత్రానికి కన్ను ఎర్రబడింది. ఇంకేం, పక్కనే ఉన్నాడుగా చుక్కల డాక్టరు. రోజుకు నాలుగుసార్లు వేశాడు. మూడు రోజుల్లో ఎరుపు తగ్గింది, నొప్పీ తగ్గింది. "చూశావా" అన్నాడట వీడు. పొట్టుతోపాటు చేరిన బూజు లోపల హాయిగా పాకుతోంది.

పదో రోజు మేస్త్రి మా ఆసుపత్రికొచ్చాడు. నల్లగుడ్డు మీద మెతుకంత తెల్లమచ్చ. రెప్పల మూలల్లో చీము కారి చెంప మీద ఎండిపోయింది.

"ఏమైనా చుక్కలు వేశావా?" అని డాక్టరుగారు అడిగారు.

"లేద్సార్. నీళ్ళతో కడుక్కున్నా, అంతే."

నేనూ నిలదీశాను. "నిజం చెప్పు మేస్త్రీ. దాచావంటే నీకే నష్టం."

"ఒట్టక్కా. ఏమీ వెయ్యలేదు."

డాక్టరుగారు మచ్చ అంచును మెల్లగా గీకి, గాజు పలక మీద రుద్ది, మైక్రోస్కోపులో చూశారు. బూజు పోగులు, కొమ్మలు వేసుకుని ఉన్నాయి. "చూపున్నది ఈ ఒక్క కంటికే. దీన్ని పోనివ్వకూడదు సిస్టర్" అని వార్డులో చేర్చారు.

బూజు మందు పాలలా తెల్లగా ఉంటుంది. మండుతుంది, రెప్పలకు అట్టకడుతుంది. గంటగంటకూ ఆ అట్ట తుడిచి, చీము తుడిచి, మళ్ళీ వేసేదాన్ని. రోజూ పొద్దున్నే డాక్టరుగారు కంట్లో రంగు వేసి, నీలి వెలుగులో పుండును కొలిచేవారు. మూడు మిల్లీమీటర్లు. మర్నాడు మూడున్నర. ఆ తర్వాత నాలుగున్నర. ఐదో రోజుకు కన్ను లోపల అడుగున చీము చేరింది. "ఈపాటికి తగ్గుముఖం పట్టాలే! ఎక్కడో ఏదో తేడా ఉంది" అని ఆయన తల పట్టుకున్నారు.

మా తమ్ముడు రోజూ సాయంత్రం నాలుగింటికి పళ్ళు పట్టుకుని వచ్చేవాడు. స్నేహమంటే ఇలా ఉండాలని వార్డులో వాళ్ళందరికీ చెప్పాను కూడా, నా మొహం.

ఆరో రోజు నాలుగింటి చుక్కలు వెయ్యడానికి ట్రే పట్టుకుని వెళ్ళాను. మావాడు మంచం మీదికి వంగి, బొటనవేలితో రెప్ప కిందికి లాగి, "ఆ తెల్లమందు మంటకు ఇదే విరుగుడు. చల్లగా ఉంటుంది, కన్ను తెరువు" అంటున్నాడు. సీసా మూతి చీము పట్టిన రెప్పవెంట్రుకల్లో దూరింది. వాడి చెయ్యి పట్టుకుని లాగాను.

"ఛీ! ఏంట్రా ఆ పోసేది?"

"మన మందే అక్కా."

"మన మందేంట్రా నీ మొహం! ఎన్నాళ్ళనుంచి?"

వాడు సీసాకు మూత బిగించాడు. మేస్త్రే కళ్ళు మూసుకుని చెప్పాడు. "మొదటినుంచీ అక్కా. తన మందు అందరికీ వేస్తున్నాడని మీకు తెలిస్తే చంపేస్తారని, చెప్పనని ఒట్టేయించుకున్నాడు."

గంటగంటకూ నేను మందు వేసి బూజును చంపుతుంటే, నా తోడబుట్టినవాడు పక్కన కూర్చుని దానికి మేత వేస్తున్నాడన్నమాట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అంటారే, అది కళ్ళారా చూశాను.

డాక్టరుగారు వచ్చి సీసా తిప్పి చూశారు. "ఇది మన కౌంటర్లో ఇచ్చేదేనే. ఎక్కడిది?"

తమ్ముడు నా వంక చూశాడు. నేను వాడి వంక చూడలేదు. "బయటెక్కడో కొనుంటాడు సార్. బుద్ధిలేని వెధవ" అన్నాను.

వాడు కాదనలేదు. జీవితమంతా మంచివాడనిపించుకోవాలని తాపత్రయపడ్డవాడు, ఆ ఒక్కరోజు నా కోసం వెధవ అనిపించుకుని తలొంచుకుని వెళ్ళిపోయాడు. నేను నల్లా దగ్గరికి పోయి మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాను. అందరి చేతులనూ చీదరించుకునేదాన్ని, నా చేతులు చూసుకుంటే నాకే డోకు వచ్చింది. అయినా వెనక్కి వెళ్ళి నిజం చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం.

ఆ సీసా ఆగింది గానీ అప్పటికే ఆలస్యమైంది. నల్లగుడ్డు పొర పలచబడి చిల్లుపడింది. ఆపరేషన్ చేసి, ఎవరో పోయినవాళ్ళు దానమిచ్చిన పొర తెచ్చి కుట్టారు. కన్ను నిలిచింది, చూపు సంగతి కట్టు విప్పితేగానీ తెలియదన్నారు.

కట్టు విప్పే రోజు మేస్త్రి పట్టుబట్టి తమ్ముణ్ణి పిలిపించుకున్నాడు. డాక్టరుగారు కట్టు తీసి, కంటి ముందు వేళ్ళు పెట్టారు. "ఎన్ని?"

"తెలీట్లేదు సార్."

ఇంకా దగ్గరికి తెచ్చి చెయ్యి ఊపారు.

"ఏదో కదులుతోంది. సార్, నేను రంపం పట్టగలనా?"

"ఏడాది పోయాక ఇంకో ఆపరేషన్ చేసి చూద్దాం. మాట మాత్రం ఇవ్వలేను."

తమ్ముడు మంచం కోడు పట్టుకుని కూలబడిపోయాడు. "నన్ను తన్ను మేస్త్రీ. చెప్పు తీసుకుని కొట్టు."

మేస్త్రి తడుముకుంటూ వాడి తల మీద చెయ్యి వేశాడు. "ఊరుకోరా. నిన్ను చూసి వేయించుకున్నాననుకున్నావా? క్షవరం చేసేవాడివి, కన్ను సంగతి నీకేం తెలుసు? మీ అక్క తెచ్చిచ్చిందన్నావు. అంత పెద్ద నర్సు, ఆవిడకు తెలీదా అని ధైర్యంగా వేయించుకున్నా."

అతని గొంతులో కోపం లేదు. డాక్టరుగారు నా వైపు తిరిగారు.

"కాద్సార్, నేనే బయట షాపులో..." అని తమ్ముడు అందుకున్నాడు.

"నోర్ముయ్ రా" అన్నాను. "నేనే తెచ్చిచ్చాను సార్. పద్నాలుగు సీసాలు."